చెత్త సేకరణ పద్ధతి మార్చే మున్సిపాలిటీ బుట్టల కంటే ముందు బండి సంగతి చూడాలి

ఇంటి చెత్తను తడి, పొడిగా విడదీసి ఇవ్వాలని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసిన మరునాటి నుంచే బుట్టల టెండరు గురించిన మాటలు మొదలవుతాయి. బుట్టలు వస్తాయి, వార్డు వార్డునా పంపిణీ జరుగుతుంది, ఆరు నెలలు గడిచేసరికి ఆకుపచ్చ బుట్ట బియ్యం పోసుకోవడానికి, నీలం బుట్ట బట్టలు నానబెట్టుకోవడానికి పనికొస్తుంటాయి. హైదరాబాద్‌లో 2015లో దాదాపు 22 లక్షల ఇళ్లకు రెండేసి బుట్టలు ఇచ్చే కార్యక్రమాన్ని చేపట్టారు. అంతటి నగరానికి అది అవసరమే కావచ్చు గాని, యాభై అరవై వేల జనాభా ఉన్న పట్టణంలో మాత్రం బుట్ట చివరగా ఆలోచించవలసిన వస్తువు. ఇంట్లో పాత బకెట్ ఒకటి, గోనెసంచి ఒకటి ఉంటే చెత్తను వేరు చేయడం ఆ రోజే మొదలుపెట్టవచ్చు.

ముందుగా నిబంధన ఏమి కోరుతున్నదో కౌన్సిల్ సభ్యులందరికీ ఒకే విధంగా అర్థం కావాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంటి చెత్తను కుళ్లేది, కుళ్లనిది, ప్రమాదకరమైనది అని మూడుగా విడదీయమన్నాయి. వాటి స్థానంలో వచ్చిన 2026 నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు రకాలు చేశాయి. నాలుగు అనగానే నాలుగు బుట్టలని కంగారు పడనక్కర లేదు. రోజూ వచ్చేవి తడి, పొడి చెత్తలే. శానిటరీ ప్యాడ్లు, డైపర్ల వంటివాటిని కాగితంలో చుట్టి విడిగా అందిస్తే సరిపోతుంది. మాడిపోయిన బల్బులు, కాలం చెల్లిన మందులు, రంగు డబ్బాలను ఇంట్లో ఒక మూల దాచి, నెలకొకసారి చెప్పిన రోజున ఇవ్వమనవచ్చు.

పని మొదలుపెట్టవలసింది చెత్త చివరికి చేరే చోటు నుంచి. విడదీసిన తడి చెత్తను కుళ్లబెట్టడానికి షెడ్డు, పొడి చెత్తను మళ్లీ ఏరి మూటలు కట్టడానికి కప్పున్న స్థలం సిద్ధం కాకముందే ఇళ్లకు వెళ్లి వేరు చేయమని అడగకూడదు. మన పట్టణాల చెత్తలో బరువు ప్రకారం సుమారు సగం కుళ్లే పదార్థమే, అందులో నీరు ఎక్కువ. షెడ్డులో ఎండుటాకులో రంపపు పొట్టో కలపకుండా కుప్ప పోస్తే నాలుగో రోజుకు వాసన లేస్తుంది, చుట్టుపక్కల వాళ్లు అర్జీ పట్టుకుని వస్తారు. అందువల్ల పార్కుల్లో ఊడ్చిన ఆకులను తగలబెట్టనీయకుండా ఎండబెట్టి షెడ్డుకు చేర్చే ఏర్పాటు కూడా ఇందులో భాగమే. కొబ్బరి బోండాలను మాత్రం ఆ కుప్పలో వేయనీయకూడదు. తక్కినదంతా రెండు మూడు నెలల్లో ఎరువైనా అవి అలాగే ఉంటాయి కాబట్టి, వేసవిలో బోండాల బండ్ల దగ్గర వాటిని విడిగా సేకరించాలి.

తరువాత బండి. నేను ఉండే వీధిలో మార్పు మొదలైన రెండో వారంలో జరిగిన సంగతి ఇది. ఎదురింటి ఇల్లాలు ఆకుపచ్చ బుట్టలో కూరగాయల తొక్కలు, నీలం బుట్టలో కాగితాలు, కవర్లు శ్రద్ధగా తెచ్చి ఇస్తే, మధ్యలో అడ్డు లేని బండిలో రెండింటినీ ఒకే చోట కుమ్మరించారు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, మరునాటి నుంచి ఒకే బుట్ట తెచ్చింది. వారం తిరగకుండానే వీధంతా అదే దారి పట్టింది. గోడల మీద రాతలు, మైకు ప్రచారాలు ఎన్ని చేసినా అలా పోయిన నమ్మకం అంత తేలికగా తిరిగి రాదు. కాబట్టి ప్రతి టిప్పరుకూ మధ్యలో రేకు అడ్డు పెట్టించి, పక్కకు శానిటరీ చెత్త కోసం మూత ఉన్న డబ్బా తగిలించి, ట్రైసైకిల్ అయితే రెండు డ్రమ్ములు, పైన ఒక గోనెసంచి కట్టించి, ఆ తరువాతే తేదీ ప్రకటించాలి. బండి యార్డుకు చేరాక రెండు అరలనూ వేర్వేరు చోట్ల దింపుతున్నారో లేదో శానిటరీ ఇన్‌స్పెక్టర్ మొదటి నెలంతా స్వయంగా చూడాలి.

వేళను లెక్క కట్టి నిర్ణయించాలి. ఇంటికి అర నిమిషం చొప్పున వేసుకున్నా మూడు వందల ఇళ్లకు రెండున్నర గంటలు పడుతుంది. సందులు ఇరుకైతే ఇంకా ఎక్కువ. ఉదయం ఆరున్నరకు మొదలైన బండి చివరి ఇంటికి తొమ్మిది దాటాక చేరితే, అప్పటికే ఉద్యోగస్థులు తాళం వేసి వెళ్లిపోయి ఉంటారు. అటువంటి ఇళ్ల చెత్తే రాత్రికి ఖాళీ స్థలంలో తేలుతుంది. ఆ వీధుల వరకు వరుసను తిరగేయడం గాని, సాయంత్రం ఒక తిరుగుడు పెట్టడం గాని చేయాలి.

ఊరంతా ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒక వార్డును ఎంచుకుని, అక్కడి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్‌లను, రోజూ ఆ వీధుల్లో తిరిగే పారిశుద్ధ్య కార్మికులను కలిపి కూర్చోబెట్టి మాట్లాడాలి. అధికారి చెప్పిన దానికంటే, “అమ్మా, ఈ కవరు పొడి దాంట్లో వేయండి, అన్నం మెతుకులు ఇందులో వద్దు” అని కార్మికురాలు గుమ్మం దగ్గర చెప్పిన మాట బాగా పనిచేస్తుందని నా అనుభవం. అయితే ఆమెకు చేతి తొడుగులు, బూట్లు ఇవ్వకుండా, జీతం నెలల తరబడి ఆపి, ఈ అదనపు పని కూడా చేయమనడం న్యాయం కాదు.

ఇళ్లలో వచ్చే సందేహాలు చాలా చిన్నవి, కానీ వాటికి జవాబు లేకపోతే అన్నీ కలిపి పారేస్తారు. పాల ప్యాకెట్‌ను కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెగనీయకూడదు. తెగిన ఆ చిన్న ముక్క తడి చెత్తలో కలిసిపోయి చివరికి ఎరువులో తేలుతుంది. ప్యాకెట్‌ను ఒకసారి కడిగి ఆరవేసి పొడి చెత్తలో వేయాలి. హోటల్ నుంచి తెచ్చిన సాంబారు కవరులో మిగిలినది ఉంటే దానిని తడి బుట్టలో వంపి, దారం ముడి విప్పి, కవరును పొడిలో వేయాలి. ముడి వేసిన కవరును అలాగే ఇస్తే బండి దగ్గర దాన్ని చించవలసింది కార్మికుడే. పగిలిన గాజును కాగితంలో చుట్టి, చేతికి ఇచ్చేటప్పుడే చెప్పాలి. వినాయక చవితి పత్రి, పందిళ్ల అరటి పిలకలు, సంక్రాంతి బంతిపూల దండలు ఒక్కరోజున వచ్చి పడతాయి కనుక, పండుగ మరునాడు తడి చెత్తకే అదనపు ట్రాక్టరు కేటాయించాలి.

కలిపి ఇచ్చిన చెత్తను తీసుకోకూడదని చాలా చోట్ల మొదటి రోజే ఆదేశిస్తారు. అది తొందరపాటు. మొదటి పదిహేను రోజులు తీసుకుంటూనే చూపించి చెప్పాలి. తరువాతి పదిహేను రోజులు ఇంటివారి ముందే వేరు చేయించాలి. అప్పటికీ మారని ఇళ్లకు ఇన్‌స్పెక్టర్ వెళ్లాలి, జరిమానా మాట ఆ తరువాతే ఎత్తాలి. వీధి కుండీలను కూడా బండి నెల రోజులు క్రమం తప్పకుండా వచ్చాకే తీయాలి. తీసిన చోట ముగ్గు వేయించడం, మొక్క నాటించడం మంచిదే గాని, పక్షం రోజులు ఉదయం పూట ఒక మనిషిని అక్కడ నిలబెట్టకపోతే చెత్త మళ్లీ ఆ ముగ్గు మీదే పడుతుంది.

చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకుని బతికేవారిని ఈ మార్పు నేరుగా దెబ్బతీస్తుంది. వారికి గుర్తింపు కార్డులిచ్చి పొడి చెత్త కేంద్రంలో ఏరే పని అప్పగిస్తే వారికి తిండి దొరుకుతుంది, కేంద్రానికి నైపుణ్యం దొరుకుతుంది. ఏ ప్లాస్టిక్‌కు పాత సామాన్ల దుకాణంలో ఎంత ధర పలుకుతుందో మున్సిపల్ ఇంజినీరు కంటే వారికే బాగా తెలుసు.

ఇక రుసుము. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పారిశుద్ధ్య కార్యక్రమాన్ని ప్రారంభించి, పట్టణాల్లో ఇంటింటికీ నెలవారీ రుసుము వసూలు చేశారు. అది చెత్త పన్నుగా జనం నోళ్లలో పడి తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొంది. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న, ఆ రుసుమును రద్దు చేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఎక్కడైనా రుసుము తప్పనిసరి అయితే, బండి కనీసం మూడు నెలలు వేళకు వచ్చిన తరువాత, ఏ ఖర్చుకు ఎంతో వార్డు సభలో చదివి వినిపించి, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, చికెన్ దుకాణాల వంటి ఎక్కువ చెత్త వచ్చే చోట్ల నుంచి మొదలుపెట్టాలి. బండి రాని రోజులను కూడా వీధివారీగా రిజిస్టరులో రాసి ఉంచితే, అడిగినవారికి ఆ పుట తెరిచి చూపించవచ్చు.