స్పీకర్లు కొనే ముందే పైపు వేయించండి
కొత్త ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాక వెనక స్పీకర్ల వైర్లు గోడ మీద వేలాడుతుంటే చూడలేం. ప్లాస్టరింగ్‌కు ముందు, గోడలు కోసి కరెంటు పైపులు వేసేటప్పుడే ఈ వైర్లకూ పైపు వేయించండి.

సోఫా ఎక్కడ వస్తుందో నేల మీద సుద్దతో గీయండి. 5.1 సెట్‌లో (ఐదు స్పీకర్లు, బేస్ శబ్దానికి ఒక సబ్‌వూఫర్) వెనక స్పీకర్లు అంటాం గానీ, అవి ఉండాల్సింది కూర్చున్నవాళ్ల పక్కన, కాస్త వెనగ్గా. ఎత్తు చూస్తే, కూర్చున్నప్పుడు చెవి ఉండే చోటుకు అడుగో రెండడుగులో పైన. ఆ రెండు చోట్ల నుంచీ టీవీ యూనిట్ దాకా అంగుళం పీవీసీ పైపు విడివిడిగా వేయించి, తర్వాత వైరు లాగడానికి లోపల లాగుడు తీగ వదిలేయండి. మలుపుల్లో ఒక్కసారిగా తిరిగే ఎల్బో వద్దు, మెల్లగా వంపు తిరిగే బెండ్ వాడమనండి. ఎల్బో దగ్గర వైరు ఇరుక్కుంటుంది. సబ్‌వూఫర్‌కు టీవీ దగ్గర ఒక ప్లగ్ పాయింట్ చాలు. ఇక స్పీకర్లు బడ్జెట్ చూసుకుని తీరిగ్గా కొనుక్కోవచ్చు.

కరెంటు వైర్ల పైపులోనే స్పీకర్ వైరు కూడా దూర్చేద్దామని ఎలక్ట్రీషియన్ అంటే, అస్సలు ఒప్పుకోవద్దు. హాలుకు ఒకవైపు గోడ లేకుండా డైనింగ్‌లోకి తెరుచుకుని ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు. ఆ వైపు పైపు స్లాబ్ పోసేటప్పుడే పడాలి, లేదా ఫాల్స్ సీలింగ్‌లోంచి తేవాలి.