వాల్వు ఎంపిక – నాలుగవ పాఠం: ప్రవాహి స్వభావం, పీడనం, ఉష్ణోగ్రత

గత పాఠంలో గేట్, గ్లోబ్, బాల్, బటర్‌ఫ్లై వాల్వుల నిర్మాణం చూశాము. ఇప్పుడు దేనిని ఎక్కడ అమర్చాలో నిర్ణయించడం నేర్చుకుందాము. విజయవాడ ఆటోనగర్‌లో వాల్వు కొనబోయేవారు పైపు సైజు ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. ఏ ప్రవాహి (పైపులో పారే ద్రవం లేదా వాయువు), ఎంత పీడనం, ఎంత ఉష్ణోగ్రత అన్న మూడూ ముందుగా కాగితంపై రాసుకొని వెళ్లాలి.

గుంటూరు పరిసరాలలో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీనే తీసుకుందాము. అక్కడ చల్లదనానికి అమ్మోనియా వాడుతుంటే, ఇత్తడి, గన్‌మెటల్ వంటి రాగి మిశ్రమాల వాల్వులను దాని దరికి రానివ్వకూడదు. తేమ తోడైన అమ్మోనియా రాగి మిశ్రమాలను తినివేస్తుంది. బిగింపులో ఉన్న ఇత్తడి ముందస్తు సూచన లేకుండానే పగులుతుంది. నీటి లైనులో ఏళ్ల తరబడి నిలిచిన వాల్వే ఇక్కడ ప్రాణాల మీదికి తేగలదు కనుక ఉక్కు వాల్వులే వాడాలి. పైగా, ద్రవ అమ్మోనియా లైనులో మామూలు బాల్ వాల్వును మూసినప్పుడు బంతి లోపల చిక్కిన ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తే, అది బయటపడే దారి లేక లోపలి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ పీడనాన్ని లైనులోకి వదిలే ఏర్పాటున్న వాల్వునే ఎంచుకోవాలి.

ఆవిరి విషయంలో పీడనాన్ని, ఉష్ణోగ్రతను విడదీసి చూడకూడదు. గేజిపై 10 బార్లు చూపే సంతృప్త ఆవిరి (ఆ పీడనంలో నీరు మరిగే ఉష్ణోగ్రత వద్దే ఉన్న ఆవిరి) సుమారు 184 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. క్లాస్ 150 అనే పీడన తరగతికి చెందిన, డబ్ల్యూసీబీ అనే రకం పోత ఉక్కుతో చేసిన వాల్వు 38 డిగ్రీల వద్ద 19.6 బార్లు భరిస్తుంది గాని, ఆ పరిమితి 200 డిగ్రీల వద్ద 13.8కి, 300 వద్ద 10.2కి పడిపోతుంది. అందువల్ల ఈ సంతృప్త ఆవిరికి సరిపోయిన వాల్వు, అదే పీడనంలో 300 డిగ్రీలకు వేడెక్కిన ఆవిరికి చాలదని చెప్పాలి. 10 బార్లకు, 10.2 పరిమితికి మధ్య మిగులు దాదాపు లేదు. బాయిలర్ ఆవిరి లైనుకైతే ఐబీఆర్ (భారతీయ బాయిలర్ నిబంధనల) ధ్రువపత్రం కూడా అడిగి తీసుకోవాలి.

వరద రోజులలో కృష్ణ నీటితో వచ్చే ఒండ్రు గేట్ వాల్వు అడుగు గాడిలో పేరుకొని పూర్తిగా మూసుకోనివ్వదు. గేట్‌ను సగం తెరిచి ప్రవాహాన్ని తగ్గించాలని చూస్తే సీటు (గేట్ ఆనుకొని మూసుకొనే అంచు) కోసుకుపోతుంది. ప్రవాహ నియంత్రణ గ్లోబ్ వాల్వు పని. పెద్ద నీటి పైపులలో బటర్‌ఫ్లై చాలును.

అభ్యాసం: పత్తిగింజల నూనె శుద్ధి చేసే మిల్లులో 6 బార్ల సంతృప్త ఆవిరిని నియంత్రించడానికి, కాస్టిక్ ద్రావణాన్ని ఆపడానికి, 90 డిగ్రీల నూనెను మళ్లించడానికి మూడు వాల్వులు కావాలి. ఒక్కొక్కదానికి రకం, బాడీ లోహం, సీటు పదార్థం రాయండి. నీటికి బాగా పనిచేసే ఈపీడీఎం రబ్బరు నూనెలో ఉబ్బుతుందని గుర్తుంచుకోండి. జవాబులను ఐదవ పాఠంలో చర్చిద్దాము.