ఊరెళ్లే ముందు పెరటి కోళ్లకు జాగ్రత్తలు

నాలుగు గింజలు ఎవరైనా చల్లుతారు. పొద్దుగూకగానే కోళ్లను లెక్కపెట్టి గూటి తలుపు వేసేవారు దొరకడమే కష్టం. అలాంటివారు కుదిరాకే టికెట్లు తీసుకోండి.

• గూడు: గడియ వేసి గట్టిగా లాగి చూడండి. అడుగున రెండు వేళ్లు దూరే సందున్నా ముంగిస తవ్వి దారి చేసుకుంటుంది. విశాఖలో సింహాచలం, మధురవాడ వైపు కొండవాలు ఇళ్లవారు చుట్టూ రాళ్లు పాతితే మేలు. పలుచని కోళ్ల వల కోడిని ఆపుతుంది గానీ కుక్కను ఆపదు.

• నీళ్లు: కోడి మామూలుగా రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, విశాఖ మే నెల ఉక్కపోతలో దాదాపు రెట్టింపు. నీడలో రెండు చోట్ల పెట్టండి. ఒకటి తన్నేస్తాయి, తప్పదు.

• మేత: గుడ్లు పెట్టే కోడికి రోజుకు 100-120 గ్రాములు. ఏ రోజుది ఆ రోజుకు పొట్లాలు కట్టండి. సముద్రపు తేమకు బూజు పట్టినది వేయవద్దని చెప్పండి.

• గుడ్లు: చూసుకునేవారికే వదిలేయండి. డబ్బు కన్నా అదే వారిని రోజూ రప్పిస్తుంది.

• అక్టోబరు, నవంబరు ప్రయాణమైతే పైరేకులు బిగించండి. 2014 హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబరు 12నే.

• వెళ్లే వారంలో కొత్త కోళ్లను కలపవద్దు. పశువైద్యుడి నంబరు గూటి తలుపుకే అంటించండి.