విడాకుల డిక్రీకి అపోస్టిల్: కోర్టు నకలు నుంచి విదేశీ కౌంటర్ దాకా

విదేశంలో మళ్లీ పెళ్లి రిజిస్టరు చేయించుకోవాలన్నా, వీసా ఫారంలో వివాహ స్థితి మార్చుకోవాలన్నా అక్కడివాళ్లు విడాకుల డిక్రీ అడుగుతారు, దాని మీద అపోస్టిల్ (పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని విదేశాంగ శాఖ అంటించే ధ్రువీకరణ స్టిక్కర్) ఉండాలంటారు. ఆ మాట వినగానే చాలామంది నోటరీ దగ్గరికో, ఏజెంటు దగ్గరికో పరుగెత్తుతారు. కోర్టు ఇచ్చిన కాగితం సరిగ్గా ఉందో లేదో మాత్రం చూడరు. కోర్టు తర్వాత ముద్ర వేసే రాష్ట్ర శాఖ, విదేశాంగ శాఖ లాంటి పై ఆఫీసులేవీ డిక్రీలో రాసింది నిజమా అని పరిశీలించవు. తమకంటే ముందు పడిన సంతకం, ముద్ర అసలైనవేనా అన్నంతవరకే చూస్తాయి. అందుకే కోర్టులో దొర్లిన తప్పు అన్ని ముద్రలూ దాటుకుని వెళ్లి చివరికి విదేశీ కౌంటర్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

1. దేశం ఏదో తేల్చుకోండి

అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. అవతలి దేశం కూడా ఇందులో ఉంటే అపోస్టిల్ చాలు, ఎంబసీతో పని లేదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఇందులో ఉన్నాయి. కెనడా 2024 జనవరి 11 నుంచి చేరింది. కెనడాకు ఇంకా పాత పద్ధతే చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ అనగానే ఎంబసీ ముద్రే అనుకుంటారు. ఒమన్, బహ్రెయిన్ ఎప్పటినుంచో ఒప్పందంలో ఉన్నాయి. సౌదీ 2022 డిసెంబరులో చేరింది. యూఏఈ, కువైట్‌లకు మాత్రం విదేశాంగ శాఖ అటెస్టేషన్ (ధ్రువీకరణ ముద్ర), దాని తర్వాత ఆ దేశపు ఎంబసీ ముద్ర కావాలి. జర్మనీ సంగతి వేరు. భారత్ చేరికకు ఆ దేశం అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. కాగితం ఎలా సరిచూసుకోవాలో అక్కడి ఆఫీసే చెబుతుంది. ముందుగా వాళ్లను రాతపూర్వకంగా అడగండి.

2. కోర్టు నకలు: పనంతా ఇక్కడే

కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ (కోర్టే ధ్రువీకరించి ఇచ్చే నకలు) కాదు. వకీలు ఫైల్లో ఉన్న జిరాక్సు మీద నోటరీ ముద్ర వేయించినా అది సర్టిఫైడ్ కాపీ అయిపోదు. కావలసింది కోర్టు కాపీయింగ్ సెక్షన్ ఇచ్చే నకలు ఒక్కటే.

ఏ కోర్టులో దరఖాస్తు వేయాలో ముందు చూసుకోవాలి. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వేరయ్యాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా కాలం నాటి కేసు అయితే ఫైలు ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోకుండా హన్మకొండ అదాలత్‌కు వెళ్లి లైన్లో నిలబడొద్దు. ఈ-కోర్ట్స్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక సంఖ్య) కొడితే కేసు ఏ కోర్టు కింద ఉందో తెలుస్తుంది. అది లేకపోతే ఓపీ నంబరు (కోర్టు పిటిషన్‌కు ఇచ్చిన నంబరు), సంవత్సరం, ఇరుపక్షాల పేర్లు దగ్గర పెట్టుకోండి.

దరఖాస్తులో ఉత్తర్వు, డిక్రీ రెండూ అడగండి. విడాకులు మంజూరైనట్టు డిక్రీలో ఉంటుంది. ఎందుకు, ఏ షరతులతో అన్నది ఉత్తర్వులో ఉంటుంది. పిల్లల సంరక్షణ, భరణం గురించి విదేశీ ఆఫీసు అడిగితే డిక్రీ ఒక్కటే సరిపోదు. మూడు సెట్లు తీసుకోవాలి, రెండు చాలవు. ఒకటి అపోస్టిల్‌కు పోతుంది, ఒకటి ఇంట్లో ఉంటుంది, మూడోది ఏదైనా తిరిగొస్తే పనికొస్తుంది.

నకలు చేతికి రాగానే కౌంటర్ వదలకండి. అక్కడే నిలబడి ఒక్కో పేజీ తిప్పి చూడండి. ప్రతి పేజీ మీద కోర్టు ముద్ర ఉండాలి. చివర సర్టిఫై చేసిన అధికారి సంతకం, దాని కింద పేరు, హోదా, తేదీ చదవగలిగేలా ఉండాలి. పేరు లేకుండా గీత మాత్రమే ఉంటే పై ఆఫీసు దాన్ని ఎవరి సంతకంతో పోల్చుకుంటుంది? తిప్పి పంపేస్తుంది. దరఖాస్తు వేసిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, కాపీ ఇచ్చిన తేదీ నింపి ఉన్నాయో లేదో కూడా చూడండి.

తర్వాత పేర్లు. ఎక్కువ కాగితాలు ఇక్కడే దెబ్బతింటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పిటిషన్‌లో ఒక్క అక్షరంతో సరిపెడతారు. మనకు ఇద్దరూ ఒకరేనని తెలుసు, టొరంటోలో గుమస్తాకు తెలియదు. పుట్టిన తేదీ, పెళ్లి తేదీ, ఊరి పేరు స్పెల్లింగ్ కూడా పాస్‌పోర్టు పక్కన పెట్టి పోల్చండి. టైపు తప్పు దొరికితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద అదే కోర్టులో సవరణ పిటిషన్ వేయించండి. ఇలాంటి రాతతప్పుల సవరణకు గడువంటూ లేదు, ఎన్నేళ్ల తర్వాతైనా అడగవచ్చు. 'ఇద్దరూ ఒకరే' అని అఫిడవిట్ రాసిస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇంటిపేరు పూర్తిగా లేదన్నంతవరకు అది పనిచేయొచ్చు. పేరే మారిపోయినప్పుడు, తేదీ తప్పినప్పుడు అఫిడవిట్ మీద ఆధారపడకండి. కొన్ని వారాలు ఆలస్యమైనా డిక్రీనే సవరించుకోండి.

ఇంకో మాట. నకలుకు కొట్టిన పిన్ను గానీ దారం గానీ ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. జిరాక్సు సెంటర్లో కుర్రాడు అడగకుండానే పీకేస్తాడు, పక్కన నిలబడి చూసుకోండి. విప్పి మళ్లీ కొట్టిన కాగితంలో పేజీ మార్చారేమోనన్న అనుమానం వస్తుంది, ఆ నకలు ఇక పనికిరాదు. లామినేషన్ చేయిస్తే దాని మీద ముద్ర ఎక్కడ వేస్తారు?

3. అప్పీలు లేదన్న సర్టిఫికెట్

తాత్కాలిక డిక్రీ, తుది డిక్రీ అని రెండు దశలుండే దేశాలవాళ్లు మన డిక్రీ చూసి 'ఇది తుదిదేనా?' అని అడుగుతారు. మన హిందూ వివాహ చట్టంలో ఆ రెండు దశలు లేవు. కానీ అప్పీలు గడువు ముగిశాకే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 15వ సెక్షన్ చెబుతుంది, 28వ సెక్షన్ ప్రకారం ఆ గడువు 90 రోజులు. పరస్పర అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద మామూలుగా అప్పీలు ఉండదు, అయినా విదేశీ ఆఫీసు కాగితం అడగడం మానదు. 90 రోజులు దాటాక అప్పీలు దాఖలు కాలేదన్న సర్టిఫికెట్ తీసుకుని డిక్రీతో పాటే అపోస్టిల్‌కు పెట్టండి. అప్పీలు వినే కోర్టులోనే దాన్ని అడగాలి. ఫ్యామిలీ కోర్టు డిక్రీ అయితే హైకోర్టు, సీనియర్ సివిల్ జడ్జి డిక్రీ అయితే జిల్లా కోర్టు.

4. నోటరీ

పై ఆఫీసు అడిగితే నోటరీ సంతకాన్ని అసలు సర్టిఫైడ్ కాపీ చివరి పేజీ వెనుకే పెట్టించండి, జిరాక్సు మీద వద్దు. నోటరీ స్టాంపు, గుండ్రటి ముద్ర, పేరు, రిజిస్టరు వరుస నంబరు, తేదీ ఉండాలి. నోటరీ లైసెన్సు కాలం అయిదేళ్లు, అది దాటలేదని చూసుకోండి.

మనిషి విదేశంలో ఉండి తండ్రో తమ్ముడో తిరగాలంటే అధికార పత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో రాయించిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి.

5. హైదరాబాద్ పని

వ్యక్తిగత పత్రాలను ముందు రాష్ట్ర హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ అటెస్ట్ చేయాలి. ఆ తర్వాత విదేశాంగ శాఖ. 2012 నుంచి ఆ శాఖ కాగితాలను నేరుగా తీసుకోవడం లేదు, అది నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి హైదరాబాద్‌లోనే అపోస్టిల్ అవుతోంది కాబట్టి కాజీపేటలో పొద్దున బండెక్కితే చాలు. అపోస్టిల్ రుసుము పత్రానికి 50 రూపాయలు, ఏజెన్సీ సర్వీసు చార్జీ దానికి అదనం. వేలకు వేలు అడిగితే విడివిడిగా లెక్క రాసిమ్మనండి.

రాష్ట్ర శాఖకు బదులు ఢిల్లీ ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) దగ్గర అటెస్టేషన్ త్వరగా అయిపోతుందని ఏజెంట్లు తొందరపెడతారు. హన్మకొండ కోర్టు అధికారి సంతకం ఢిల్లీ ఎస్‌డీఎంకు ఏం తెలుసు? రేపు ఎవరైనా ఆరా తీస్తే సమాధానం చెప్పాల్సింది తెలంగాణ ఆఫీసే. రాష్ట్ర మార్గంలోనే వెళ్లండి.

6. అనువాదం, ఎంబసీ

అనువాదం అవసరమైతే అపోస్టిల్ పడ్డాకే చేయించండి. ముద్రల్లోని మాటలను కూడా అనువదించమని అడిగే దేశాలున్నాయి. యూఏఈ, కువైట్‌లకైతే ఎంబసీ ముద్ర తర్వాత ఆ దేశం చేరాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర ఇంకొకటి ఉంటుంది, దానికి కొన్ని రోజులు పెట్టుకోండి.

కొరియర్‌లో వేసేముందు అపోస్టిల్ స్టిక్కర్ మీదున్న నంబరును విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. వివరాలు సరిపోతే అన్ని పేజీలూ, వెనుక వైపులతో సహా, పిన్ను విప్పకుండా స్కాన్ చేసుకుని పంపండి.