పిట్టల పిచ్చి పట్టిందా? ఫోన్ కాసేపు జేబులో పెట్టి మొదలుపెట్టండి

మా అక్క కొడుకు ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి వేసవి సెలవులకు మా ఇంటికొచ్చాడు. ఒకరోజు పొద్దున్నే డాబా మీద నుంచి పరుగున దిగి, "మామయ్యా, మన వేపచెట్టు మీద డేగ వాలింది" అంటూ ఫోన్ నా ముఖానికి అడ్డం పెట్టాడు. తెరంతా ఆకులు. మధ్యలో గోధుమరంగు ఒళ్లు, ఒంటి నిండా తెల్లటి చుక్కలు, ఎర్రటి కన్ను. డేగ కాదురా, ఆడ కోయిల అన్నాను. వాడు నమ్మలేదు, కోయిల నల్లగా కదా ఉంటుంది అన్నాడు. నల్లగా ఉండేది మగది. పొద్దున్నే కుహూ కుహూ అని గొంతు చించుకునేదీ అదే, మనవాళ్లు కోయిలమ్మ, కోయిలమ్మ అని మురిసిపోయేది ఆ మగవాణ్ణి చూసే. ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టి, పిల్లను పెంచే పని కాకికే వదిలేసి పోతుంది.

అంతే, ఆ రోజు నుంచి వాడికి పిట్టల పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే ఫోన్లే ఫోన్లు. వాడికి విడతలు విడతలుగా చెప్పినదంతా ఒకచోట పెడితే ఇంకొకరికి పనికొస్తుందేమో అని ఇది రాస్తున్నాను. పదమూడేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వాళ్లను మనసులో పెట్టుకుని రాశాను గానీ యాభై దాటినవాళ్లు చదివినా నష్టమేమీ లేదు.

ముందుగా, ఏ యాప్ వేసుకోవాలని అడగకండి. మొదటి పదిహేను రోజులు యాప్ వద్దు. మీ డాబా మీద, హాస్టల్ కిటికీ దగ్గర, కాలేజీ గ్రౌండ్‌లో కనిపించే పది పిట్టల్ని మీ కంటితో గుర్తుపట్టడం నేర్చుకోండి. కాకి, పిచ్చుక, పావురం, గోరింక, రామచిలుక మీకు తెలిసినవే కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగతా ఐదు చూడండి. తల నల్లగా ఉండి తోక కింద ఎర్రటి మచ్చ ఉండేది పికిలిపిట్ట. కరెంటు తీగ మీదో గేదె వీపు మీదో కూర్చుని, చీలిన పొడవాటి తోకతో నల్లగా నిగనిగలాడేది పసుల పోలిగాడు. కాకంత ఉండి, రెక్కలు మాత్రం ఇటుకరంగులో ఉండి, కంచెల్లో నడుస్తూ బుడుంగు బుడుంగుమని అరిచేది జెముడుకాకి. మందారపూల దగ్గర ఒక్కచోట నిలవకుండా తిరిగేది తేనెపిట్ట. ఎండలో ఎక్కడో కనపడకుండా కూర్చుని, కంసాలి సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ టుక్ అని ఆపకుండా కూస్తూ ఉండేది కంసాలి పిట్ట. ఈ చివరిది చాలామంది పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంటారు, కానీ ఒక్కసారి కూడా చూసి ఉండరు. రావిచెట్టు పండ్లు పండే రోజుల్లో కింద నిలబడి తలెత్తితే ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్రటి బొట్టుతో దొరికిపోతుంది.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. రంగు చివర చూడాలి, ఎందుకంటే వెలుతురును బట్టి రంగు మోసం చేస్తుంది. ఆకాశానికి అడ్డంగా ఉన్న పిట్ట ఏదైనా నల్లగానే కనిపిస్తుంది. ముందు సైజు చూసుకోండి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఆ మూడూ మన స్కేలు. తర్వాత ముక్కు, అది గింజ కొరికే పొట్టిదా, పురుగు పట్టే సన్నదా, మాంసం చీల్చే వంకరదా. తర్వాత తోక, తర్వాత అది ఏం చేస్తోంది, నేల మీద గెంతుతోందా నడుస్తోందా, చెట్టు కాండం మీద పాకుతోందా, తీగ మీద నుంచి దూకి పురుగు పట్టి మళ్లీ అదే చోటికి వస్తోందా. ఇవన్నీ చూశాక రంగు. ఒక పాత నోట్‌బుక్‌లో రెండు గీతలతో బొమ్మ వేయండి, బొమ్మ దరిద్రంగా ఉన్నా ఫర్వాలేదు, నావి ఇప్పటికీ వంకాయలకు ముక్కులు పెట్టినట్టే ఉంటాయి. బొమ్మ వేయాలంటే రెక్క మీద చార ఉందో లేదో చూడక తప్పదు కదా, ఉపయోగం అక్కడుంది.

ఇంట్లో పెద్దవాళ్లను ఆ పిట్టను ఏమంటారో అడిగి పక్కనే రాసుకోండి. ఒకే పిట్టకు గోదావరి జిల్లాల్లో ఒక పేరు, పాలమూరులో ఇంకో పేరు ఉంటుంది. ఇవి ఏ యాప్‌లోనూ దొరకవు, ఆ పెద్దవాళ్లతోనే పోతాయి.

ఇప్పుడు ఫోన్ తీయండి. రెండు యాప్‌లు చాలు, రెండూ ఉచితమే, రెండూ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధన కేంద్రం వాళ్లవే. ఒకటి మెర్లిన్, రెండోది ఈబర్డ్.

మెర్లిన్ గుర్తుపట్టడానికి. వైఫై దొరికినప్పుడు మన ప్రాంతపు ప్యాక్ దించుకుంటే సిగ్నల్ లేని చెరువు గట్టు మీద కూడా పనిచేస్తుంది. పిల్లలందరినీ పట్టేసేది ఇందులోని సౌండ్ ఐడీ. బటన్ నొక్కి ఫోన్ పట్టుకుని నిలబడితే చుట్టూ కూస్తున్న పిట్టల పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి. అది లోపల చేసేదేంటంటే, శబ్దాన్ని ఒక బొమ్మగా మారుస్తుంది, అడ్డంగా సమయం, నిలువుగా కూత ఎంత సన్నదో ఎంత బొంగురో, ఎంత గట్టిగా వినిపిస్తే అక్కడ అంత ముదురు మచ్చ. ఆ మచ్చల ఆకారాన్ని తను నేర్చుకున్న వేల రికార్డింగుల బొమ్మలతో పోల్చి ఫలానా పిట్ట అయి ఉండొచ్చు అంటుంది. అయి ఉండొచ్చు అంటోంది, అవును అనడం లేదు. ఈ తేడా మర్చిపోతే దెబ్బతింటారు. పక్కింటి పంజరంలో లవ్ బర్డ్స్ ఉన్నా, ఎవరి ఫోన్‌లోనో పిట్టకూత రింగ్‌టోన్ మోగినా దానికి అన్నీ ఒకటే. పైగా మన పసుల పోలిగాడు శిక్రా డేగలా అరిచి మిగతా పిట్టల్ని హడలగొట్టే రకం, దాని మిమిక్రీకి మనుషులే బోల్తా పడతారు, యాప్ ఎంత! అందుకని మెర్లిన్ పేరు చెప్పగానే టిక్కు కొట్టేయకుండా, ఆ కూత వచ్చిన వైపు వెళ్లి పిట్టను చూడండి. చూస్తే లెక్క, చూడకపోతే అనుమానం అని రాసుకోండి. చెవికి కూడా పని చెప్పాలి: ముందు మీరు పేరు అనుకోండి, తర్వాత యాప్ ఆన్ చేసి సరిచూసుకోండి. ఎంసెట్ బిట్లకు వెనక పేజీలో జవాబు ముందే చూసుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈబర్డ్ లెక్క రాయడానికి. నడుస్తున్నారా ఒకేచోట నిలబడ్డారా, ఎంతసేపు, ఏ పిట్టలు ఎన్నెన్ని అనేది ఇందులో లిస్టుగా పంపుతారు. కనీసం పదిహేను నిమిషాలు చూడండి, గుర్తుపట్టిన ప్రతి పిట్టనూ రాయండి, కాకులనూ వదలకండి. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే, అరుదైనవి మాత్రం రాసి కాకులూ పావురాలూ ఎందుకులే అని వదిలేస్తారు. పిచ్చుకలు తగ్గాయా లేదా అని ఎవరైనా తేల్చాలంటే, పిచ్చుకలు కనిపించిన రోజుల లెక్కతో పాటు కనిపించని రోజుల లెక్క కూడా కావాలి. మీరు చూసినవన్నీ రాశానని టిక్కు పెడితేనే, లిస్టులో పిచ్చుక లేదంటే అక్కడ మీకు పిచ్చుక కనిపించలేదని అర్థం అవుతుంది. లేకపోతే మీరు రాయలేదేమో అనుకుంటారు.

ఇక్కడ నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి. మొదలుపెట్టిన మొదటి చలికాలంలో చింతచెట్టు మీద కూర్చున్న ఒక పిట్టను శిక్రా అని రాసి ఫోటో కూడా పెట్టాను. నాలుగు రోజులకు మెయిల్ వచ్చింది, చాలా మర్యాదగా, "మీ ఫోటోను మరోసారి చూడగలరా" అని. ఈబర్డ్‌లో అనుమానం వచ్చిన లెక్కల్ని ఆ ప్రాంతపు పిట్టలు బాగా తెలిసిన వలంటీర్లు సరిచూస్తారు. నాకు ఒళ్లు మండింది, నేను కళ్లతో చూస్తే వీళ్లెవరు అని. తర్వాత ఫోటో పెద్దది చేసి చూస్తే ముక్కు వంకర లేదు, కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. అది డేగ వేషంలో ఉన్న కోయిల జాతి పిట్ట, హాక్ కుకూ. సరిదిద్దుకున్నాను. మీకూ అలాంటి మెయిల్ వస్తుంది, టెన్షన్ పడకండి, అది తిట్టు కాదు.

లిస్టులు అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఒక జాగ్రత్త: డాబా మీద నుంచి పంపేటప్పుడు ఆ చోటుకు మీ ఇంటి నంబరుతోనో ఇంటిపేరుతోనో పేరు పెట్టకండి. వీధి చివరి పార్కు, ఊరి చెరువు లాంటి పేరు చాలు.

కెమెరా గురించి నాన్నగారితో గొడవ ఇప్పుడే వద్దు. పెద్ద లెన్సుకు పెట్టే డబ్బులో చిన్న వంతు పెడితే మంచి బైనాక్యులర్స్ వస్తాయి. దాని మీద 8×42 అని ఉండేలా చూసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఎక్కువ రెట్లైతే మంచిదనుకుంటారు గానీ, రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణుకూ అన్ని రెట్లూ పెరుగుతుంది. ఎగ్జిబిషన్లలో యాభై రెట్ల జూమ్ అని అమ్మే వాటి జోలికి పోకండి. చిన్న కిటుకు: బైనాక్యులర్స్ కంటి అద్దానికి ఫోన్ కెమెరాను ఆనించి, గోడకో చెట్టుకో మోచెయ్యి ఆన్చి తీస్తే గుర్తుపట్టడానికి సరిపోయే ఫోటో వస్తుంది. ఇన్‌స్టాలో పెట్టడానికి పనికిరాదు, మంచిదే.

పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు పిట్టలవి. తొమ్మిది దాటితే ఎండకు అవీ మనలాగే నీడకు పోతాయి. ఇంటర్ పిల్లలకు స్టడీ అవర్లు ఉంటాయని తెలుసు, అందుకే మావాడికి నేను పెట్టిన నియమం ఆరున్నర నుంచి ఏడుంబావు వరకు డాబా, ఆదివారం ఒక్కరోజు చెరువు. పిట్టలు చూస్తే ర్యాంకు వస్తుందా అని మా బావగారు అడిగారు. రాదు అని చెప్పాను. కానీ బయాలజీ మీద నిజంగా మనసుంటే తిరుపతిలో సైన్సు చదువులకు కేంద్రం పెట్టిన ఐసర్ ఉంది, దానికి ఐఏటీ అని వేరే ప్రవేశపరీక్ష ఉంది, సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది అని కూడా చెప్పాను. ఆయన రెండోది వినలేదు, టీవీ సౌండు పెంచారు.

చలికాలం అంటే అక్టోబరు నుంచి మార్చి వరకు బయటికి వెళ్లడానికి మంచి కాలం. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువులోనే గూడకొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచడం చూడొచ్చు, శ్రీకాకుళం జిల్లా వాళ్లకు తేలినీలాపురం ఉంది, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, పులికాట్ ఉన్నాయి. హైదరాబాద్ వాళ్లు అమీన్‌పూర్ చెరువుకు పోవచ్చు, దానికి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడతారు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు, మన దేశం 2013 నుంచి ఇందులో ఉంది. కాలేజీ క్యాంపస్‌లకు విడిగా కూడా జరుగుతుంది. పదిమందిని కూడగట్టి మీ లెక్చరర్‌కు చెప్పండి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వీటి దగ్గర నేను కొంచెం కఠినంగానే ఉంటాను. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిట్టను రప్పించకండి. దానికి అది తన హద్దులోకి వచ్చిన శత్రువు గొంతు, తిండి మానేసి తరమడానికి వస్తుంది, మీకు ఫోటో వస్తుంది, దానికి ఆయాసం మిగులుతుంది. గూడు ఫోటోలు, గుడ్లగూబ ఉండే చెట్టు లొకేషన్ గ్రూపుల్లో పెట్టకండి, ఆ గ్రూపులో ఎవరున్నారో మీకు తెలియదు. వేటగాళ్ల భయం ఉన్న కొన్ని పిట్టల చోటును ఈబర్డ్ కూడా దాచేస్తుంది. దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని పంజరంలో పెట్టి వీధుల్లో చూపించి డబ్బులడుగుతారు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది, పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ పంజరంతో సెల్ఫీ దిగి డబ్బులిచ్చారంటే వచ్చే దసరాకు ఇంకోదాన్ని పట్టమని బయానా ఇచ్చినట్టే. పొలం గట్టున కరెంటు తీగ మీద వెతకండి, దొరుకుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో అన్నీ తెలిసిపోయాయన్న ధీమా వచ్చినప్పుడు కలివికోడిని తలచుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల్ల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరూరా బొమ్మలు చూపించి అడుగుతూ తిరిగితే, చివరికి దాన్ని చేత్తో పట్టుకొచ్చినవాడు అక్కడ పిట్టలు పట్టే మనిషి. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి తర్వాత పరిశోధకులు మెత్తటి మట్టిని పరిచి, పొద్దున్నే పాదముద్రలు వెతికేవాళ్లు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టేవాళ్లు. టెక్నాలజీ ఉంది, కానీ ఎక్కడ వెతకాలో ముందు ఊరివాళ్లను అడగాల్సి వచ్చింది.

మావాడు మొన్న ఆదివారం మా ఊరి చెరువు దగ్గర నుంచి పంపిన లిస్టు చూశాను. నలభై నిమిషాలు, పద్దెనిమిది రకాలు, కాకులు పదకొండు, లకుముకి పిట్ట ఒకటి, నీటికాకులు నాలుగు. తీతువు పిట్ట పక్కన కామెంట్‌లో ఇలా రాశాడు: "రెండు. గట్టు మీద గుడ్లున్నాయనుకుంటా, దగ్గరికి పోలేదు. ఇది అరిస్తే అశుభమని అమ్మమ్మ రాయి విసరమంది. విసరలేదు."