ఏడాదికి 456 రూపాయల బీమా: పల్లెలో పేద కుటుంబాలకు అందించడం ఎలా?

బ్యాంకులో ఫారం మీద సంతకం చేయించి పని పూర్తయిందనుకున్న ఊళ్ళలో, మనిషి పోయిన తరువాత ఆ ఇంటికి బీమా కింద రావలసిన రెండు లక్షల రూపాయలు అడిగే దిక్కు లేక ఆగిపోతుంటాయి. అందుచేత నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బీమా పనికి పూనుకునే పొదుపు సంఘాల నాయకురాళ్ళు, వీఓఏలు (గ్రామైక్య సంఘాల సహాయకులు), చదువుకున్న యువతీ యువకులు బీమా సొమ్ముకు క్లెయిము (దరఖాస్తు) చేసే రోజున ఏయే కాగితాలు కావాలో ముందు తెలుసుకొని, వాటిని బట్టి ఈ రోజు చేయవలసిన పనులను నిర్ణయించుకోవాలి.

మొదట చేయవలసింది: ఇంటింటి పుస్తకం

ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకొని, కుటుంబానికి ఒక పేజీ కేటాయించండి. ఆ ఇంట్లో సంపాదించేవారెవరు, వారి పనిలో ఉన్న ప్రమాదమేమిటి అన్నవి ముందుగా రాయండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే మనిషికీ, ఇందుకూరుపేట వైపు వరి పొలాల్లో నాట్లకు వెళ్ళే కూలికీ, రొయ్యల చెరువు దగ్గర రాత్రిపూట మోటార్లు వేసే కాపలాదారుకూ, కొత్తపట్నం తీరంలో పడవ ఎక్కే మత్స్యకారుడికీ పొంచి ఉన్న ఆపదలు ఒకటి కావు. క్వారీలో రాయి పడవచ్చు, పొలంలో పాము కరవవచ్చు, చెరువు గట్టున కరెంటు షాకు కొట్టవచ్చు. అదే పేజీలో ప్రతి సభ్యుడి పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా సంఖ్య, నామినీ (సొమ్ము అందుకోవలసిన వ్యక్తి) పేరు, ఇప్పటికే ఉన్న బీమాల వివరాలు రాసిపెట్టుకోవాలి.

ఏ పథకాలతో మొదలుపెట్టాలి?

2015 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రెండు పథకాలు ఈ పనికి పునాది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్ళ వయసువారు ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినా పూర్తిగా వికలాంగులైనా రెండు లక్షలు, ఒక కన్ను గాని ఒక చెయ్యి లేదా కాలు గాని శాశ్వతంగా పోతే ఒక లక్ష వస్తాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజనలో 18 నుంచి 50 ఏళ్ళ లోపు చేరవచ్చు, చేరినవారు 55 ఏళ్ళ వరకు కొనసాగవచ్చు. ఏడాదికి 436 రూపాయలు కడితే, మరణం ఏ కారణంతో సంభవించినా కుటుంబానికి రెండు లక్షలు అందుతాయి. అయితే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప మరి దేనికీ ఇందులో సొమ్ము రాదు. ఒక ఏడాది మానేసి తిరిగి చేరినా ఈ 30 రోజుల గడువు మళ్ళీ మొదలవుతుంది కనుక, మధ్యలో ఆగిపోకుండా చూడటమే మేలు.

రెండింటికీ బీమా సంవత్సరం జూన్ 1 నుంచి మే 31 వరకు. ఏడాది మధ్యలో చేరేవారికి జీవన్ జ్యోతి ప్రీమియం తగ్గుతుంది: సెప్టెంబరు నుంచి నవంబరు వరకు 342, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు 228, ఆ తరువాత మే వరకు 114 రూపాయలు.

ఈ పథకాల గురించి ఊళ్ళో చెప్పేటప్పుడు కట్టిన డబ్బు తిరిగి రాదన్న సంగతిని మొదటి మాటగానే చెప్పాలి. చీటీ పాట వంటిదని భ్రమపడి చేరిన మనిషి, రెండో ఏడాది తన డబ్బు ఏదని అడిగి, తాను మానుకోవడమే కాక పక్కింటివారినీ మాన్పిస్తాడు.

నెలకు 38 రూపాయల లెక్క

రెండు ప్రీమియాలూ కలిపి 456 రూపాయలు, అంటే నెలకు సరిగ్గా 38. సారా వ్యతిరేక ఉద్యమానికి పుట్టినిల్లయిన నెల్లూరు జిల్లాలో ఆ ఉద్యమం వెంటనే 1993లో రోజుకొక రూపాయి పొదుపుతో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఆ అలవాటున్న చోట సంఘం నెలసరి సమావేశంలో పొదుపుతో పాటు ఈ 38 రూపాయలు కూడా ఎవరికి వారు తమ ఖాతాలో వేసుకునేలా చూడటం కష్టం కాదు. డబ్బు మాత్రం సభ్యురాలి సొంత ఖాతాలోనే ఉండాలి. ఎవరో ఒకరు వసూలు చేసి తన దగ్గర ఉంచుకునే పద్ధతి ఎంత నమ్మకస్తుల చేతిలోనైనా మంచిది కాదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఆటో డెబిట్ జరిగే కాలం. బ్యాంకులు సాధారణంగా మే 25 నుంచి 31 మధ్య ఖాతాలో నుంచి ప్రీమియం తీసుకుంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. జువ్వలదిన్నె, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో చేతిలో చిల్లిగవ్వ లేని రోజులవి, ప్రీమియం పోవలసిన రోజులూ అవే. మెట్టలో వ్యవసాయ కూలీలకు కూడా మే నెలలో పనులు పెద్దగా ఉండవు. ఖాతాలో డబ్బు లేక ప్రీమియం తెగని సంగతి ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. కనుక మత్స్యకార కుటుంబాలు ఏప్రిల్ 15 లోపలే ఆ మొత్తాన్ని ఖాతాలో వేసుకోవాలి. అందరి ఖాతాల్లో డబ్బు ఉన్నదీ లేనిదీ సంఘం మే 20 నాటికి, ప్రీమియం తెగినదీ లేనిదీ జూన్ మొదటి వారంలో పాసుపుస్తకాలు ప్రింటు వేయించి చూడాలి. 2025 మేలో రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి కాబట్టి, పాత గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవారి విషయంలో ఈ తనిఖీ మరింత అవసరం.

ఒకే మనిషికి రెండు బ్యాంకుల్లో ఖాతాలుండి రెండు చోట్లా ప్రీమియం తెగినా, వచ్చేది ఒక్క బీమాయే. అదనంగా కట్టినది పోయినట్టే లెక్క. అటువంటివారిని పుస్తకంలో గుర్తించి ఒక ఖాతాలో ఆపించాలి.

పేర్ల తేడాలు

క్లెయిముల దగ్గర పేదవారిని ఎక్కువగా ఏడిపించేది ఇదేనని నా అభిప్రాయం. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంటిపేరే లేకుండా ఉత్త పేరు ఉన్న స్త్రీలు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. మగవారికి ఒకచోట ఇంటిపేరు పూర్తిగానూ మరోచోట పొడి అక్షరంగానూ పడుతుంది; పుట్టిన సంవత్సరం ఓటరు కార్డులో ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉంటుంది. మనిషి బతికి ఉండగా సచివాలయంలోనో ఆధార్ కేంద్రంలోనో ఒక పూటలో సరిదిద్దుకోగల ఈ తేడా, మరణించిన తరువాత అఫిడవిట్లకూ తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడానికీ దారితీస్తుంది. బ్యాంకు ఫారం నింపే ముందే ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

నామినీ గడి ఖాళీగా వదలకూడదు. నామినీ మైనరైతే సంరక్షకుల పేరు కూడా రాయించాలి. పెళ్ళికి ముందు తల్లిని నామినీగా రాసి తరువాత మార్చని యువకులు చాలామంది ఉంటారు. వారికి ఏటా ఒకసారి గుర్తుచేయాలి. బీమా రసీదు నకలు ఇంట్లో ఎక్కడ ఉన్నదో భార్యకో పిల్లలకో తప్పక తెలియాలి.

మరణం జరిగిన రోజు

2000 దశకంలో పేదరిక నిర్మూలనకు ప్రభుత్వం నడిపిన ఇందిరా క్రాంతి పథం కింద పనిచేసిన బీమా మిత్రలు మరణవార్త తెలిసిన వెంటనే ఆ ఇంటికి వెళ్ళి, తక్షణ ఖర్చులకు ఐదు వేల రూపాయలు ఇచ్చి, కాగితాల పని తామే చూసుకునేవారు. ప్రభుత్వ పథకాల పేర్లు తరువాత ఎన్నోసార్లు మారినా ఆ పద్ధతి మాత్రం అనుసరించదగ్గది. గ్రామైక్య సంఘం (ఊళ్ళోని పొదుపు సంఘాల సమాఖ్య) తీర్మానం చేసి చిన్న మొత్తాన్ని అప్పుగా ఇచ్చే ఏర్పాటు చేసుకుంటే, అంత్యక్రియల కోసం ఆ కుటుంబం వడ్డీ వ్యాపారిని ఆశ్రయించవలసిన పని ఉండదు.

ప్రమాద మరణమైతే పోలీసులకు తెలియజేయకుండా, పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు జరపకూడదు. శవాన్ని కోయించడానికి కుటుంబం ఒప్పుకోకపోవడం సహజం. ఆ సమయంలో సొమ్ము మాట ఎత్తడం కటువుగా తోస్తుంది, అయినా సంఘంలోని పెద్ద మనిషి ఎవరైనా మెల్లగా చెప్పక తప్పదు. పాముకాటు, చెట్టు మీద నుంచి పడటం వంటివాటికి వెంటనే ఆసుపత్రిలో చేర్చిన రికార్డు ముఖ్యమైన ఆధారం. నాటువైద్యుడి దగ్గరే కాలం గడిపితే ప్రాణానికి ముప్పు, ఆ తరువాత బీమాకు ఆధారమూ ఉండదు.

మరణాన్ని 21 రోజుల లోపు పంచాయతీలో నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవలసి వస్తుంది. మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, నామినీ బ్యాంకు పాసుపుస్తకం, ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక జతచేసి, ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనే 30 రోజుల లోపు క్లెయిము ఫారం ఇవ్వాలి. ఇచ్చినట్టు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

తక్కినవి

వైద్య ఖర్చులకు కొత్త పాలసీ కొనిపించే ముందు, ఆ కుటుంబం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో ఉందో లేదో చూసి, ఆసుపత్రిలో ఆ పథకం సహాయ సిబ్బందిని ఎలా కలవాలో చెప్పండి. మత్స్యకారులకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సొంత ప్రీమియం లేకుండా ఐదు లక్షల ప్రమాద బీమా ఉంది. మత్స్యశాఖ దగ్గర పేరు నమోదైనదీ లేనిదీ చూసుకోవాలి. గేదెకో ఆవుకో బీమా చేయించినవారు చెవికి వేసిన ట్యాగు ఊడితే వెంటనే పశువైద్యశాలలో చెప్పి కొత్తది వేయించుకోవాలి, ట్యాగు లేని పశువుకు క్లెయిము రాదు. పంటల బీమాకు కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం, ఈ-క్రాప్ (సాగు చేసిన పంట వివరాల ఆన్‌లైన్) నమోదు రైతు సేవా కేంద్రంలో సరిచూసుకోవాలి.

ఏటా వేల రూపాయలు కట్టవలసిన పొదుపు పాలసీలను కూలి కుటుంబాలకు అంటగట్టేవారిని సంఘం సమావేశాల్లోకి రానీయకండి. ఒకటి రెండు వాయిదాలు కట్టి ఆగిపోతే ఆ డబ్బులో చాలా భాగం పోతుంది, మళ్ళీ బీమా అన్న మాటే ఆ ఇల్లు వినదు.

క్లెయిము తిరస్కరించారని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు, కారణం రాతపూర్వకంగా అడగండి. ముందుగా బీమా సంస్థకు ఫిర్యాదు రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి) ఏడాది లోపు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. పుస్తకంలోని ఆ కుటుంబం పేజీ, ముద్ర వేయించుకున్న నకలు జతచేస్తే చాలు.