సొంత ఆట సర్వరు – 3వ పాఠం: అంకె ఒకటే, గేజ్ వేరు

పోయిన పాఠంలో లువాంటీ అనే దిమ్మెల ఆట సర్వరును డాకర్ అనే పనిముట్టుతో కంటెయినర్‌లో (ప్రోగ్రామును విడిగా నడిపే డబ్బా) ఎక్కించి, ఆట ప్రపంచం ఫైళ్లను బయట వాల్యూమ్‌లోకి (కంటెయినర్ పోయినా మిగిలే చోటు) తీశాం. (2024 దాకా మైన్‌టెస్ట్ అన్నది ఈ లువాంటీనే.) కంటెయినర్ నడుస్తోంది. లాగ్ చూస్తే 30000 పోర్టు (యంత్రంలోకి వచ్చే, అంకె వేసిన తలుపు) మీద వింటున్నానని రాసింది. అయినా పర్లాకిమిడిలో మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని "మావయ్యా, తిరగతానే ఉంది, లోపలికెళ్లట్లేదు" అన్నాడు. గుణుపురంలో వాడి స్నేహితుడిదీ అదే గోల. ఈపాటికి మీలో కొందరికీ ఇదే జరిగుంటుంది.

నౌపడా–గుణుపురం లైను తెలుసుగా. మన పెద్దవాళ్లు ఎక్కింది 2 అడుగుల 6 అంగుళాల నేరో గేజ్ బండి. ఇప్పుడు బ్రాడ్ గేజ్. స్టేషన్ పేరు పర్లాకిమిడే, కానీ ఆ పాత బండిని తెచ్చి ఈ పట్టాల మీద పెడితే కదలదు. పోర్టులూ అంతే. టీసీపీ, యూడీపీ అనేవి నెట్‌లో కబుర్లు పంపే రెండు పద్ధతులు; టీసీపీ 30000 వేరు, యూడీపీ 30000 వేరు. లువాంటీది యూడీపీ బండి. డాకర్ రన్ ఆజ్ఞలో హైఫన్ పి తర్వాత 30000:30000 అని ఊరుకుంటే డాకర్ వేసేది టీసీపీ పట్టాలు. తప్పని అనదు, హెచ్చరించదు. ఆ అంకెల చివర స్లాష్ పెట్టి యూడీపీ అని చేర్చాలి. కంపోజ్ ఫైల్లోనూ (కంటెయినర్ అమరిక రాసిపెట్టే ఫైలు) అంతే. దీనికోసం నేనొక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. ఇమేజ్‌ని (కంటెయినర్‌కి మూలమైన అచ్చు) మూడుసార్లు చెరిపి మళ్లీ దించాను, పాపం దాని తప్పేం లేదు.

అసలు యూడీపీ ఎందుకు? టీసీపీ వరుస తప్పనివ్వదు. మధ్యలో ఒక ప్యాకెట్ (కబురు ముక్క) పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ నిలబడాలి. ఫైలు దించుకోవడానికి అది మంచిదే. ఆటలో అవతలివాడు అర సెకను కిందట ఎక్కడున్నాడో ఇప్పుడు తెలిసి ఏం లాభం? పోయింది పోనిచ్చి కొత్త కబురు తీసుకోవడమే మేలు. తప్పక చేరాల్సిన వాటికి, అంటే తవ్విన రాయి, పెట్టెలో దాచిన సామాను లాంటి వాటికి, లువాంటీ యూడీపీ మీదే సొంతంగా రసీదుల ఏర్పాటు చేసుకుంది. అలాగని ఆటలన్నీ యూడీపీయే అనుకోకండి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ టీసీపీ 25565 మీద నడుస్తుంది, ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ యూడీపీ 19132 మీద. ఏ ఆట ఎక్కించినా ముందు ఆ సంగతి కనుక్కోండి.

డాకర్ తలుపు తీశాక ఇంకో తలుపుంది, మన సర్వరు నడిచే క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటికి కాపలా). అక్కడ కూడా యూడీపీ అనే ఎంచుకోవాలి. ఏ తలుపు మూసుందో తెలియకపోతే టెల్‌నెట్‌తో చూడకండి, దానికి తెలిసింది టీసీపీ ఒక్కటే. క్లౌడ్ యంత్రంలో, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడిపి, యూడీపీ పోర్టు 30000 మాత్రమే చూపించమనండి. అప్పుడు ఫోన్‌లో చేరే ప్రయత్నం చేయండి. తెర మీద ఒక్క వరుసా కదలకపోతే క్లౌడ్ ఫైర్‌వాల్ దగ్గర మొదలుపెట్టండి. వరుసలు పడుతున్నా ఆట తెరుచుకోకపోతే డాకర్ దగ్గర చూడండి. డాకర్ పీఎస్ కొడితే ఆ కంటెయినర్ ఎదురుగా 30000 పక్కన టీసీపీ అనో యూడీపీ అనో ఉంటుంది. మావాడి కేసులో అక్కడ టీసీపీ అనే ఉంది.

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ (యంత్రంలోనే ఉండే ఫైర్‌వాల్) వాడేవాళ్లకి ఒక మాట. హైఫన్ పితో బయటపెట్టిన పోర్టుకి డాకర్ తన దారి తానే వేసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ కాదన్నా ఆగదు. మూసేశామనుకున్న పోర్టు తెరిచే ఉండొచ్చు. నాకిది నచ్చదు గానీ, దాని తీరు అంతే. అందుకే నేను కాపలా పనంతా క్లౌడ్ ఫైర్‌వాల్‌కే అప్పగిస్తాను.

సర్వరు పెట్టడానికి హైదరాబాద్ డేటా సెంటరా, ముంబైదా అని అడుగుతున్నారు. మ్యాపు చూసి తేల్చకండి. ఆడేవాళ్ల ఊళ్ల నుంచి రెండింటికీ పింగ్ (కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం కొలిచే ఆజ్ఞ) కొట్టించి, తక్కువ మిల్లీసెకన్లు వచ్చింది తీసుకోండి.

ఈ వారం పని: ఇద్దరు స్నేహితుల్ని ఆటలోకి రప్పించి ఒక గోడ కట్టించండి. వాళ్లు ఆడుతుండగానే డాకర్ స్టాప్ కొట్టండి. ఆగమని కబురు పంపి డాకర్ 10 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే చంపేస్తుంది. తర్వాత డాకర్ పీఎస్ హైఫన్ ఏతో ఎగ్జిట్ కోడ్ (కంటెయినర్ ఎలా ఆగిందో చెప్పే అంకె) చూడండి. 137 కనిపిస్తే, అంటే చంపేసి ఉంటే, గోడ మిగిలిందో లేదో చూసి రాసుకోండి, 4వ పాఠం అక్కణ్ణించే మొదలుపెడదాం.